తొలి 50 కిలోమీటర్ల కొండదారి పరుగు: విశాఖలో ఉంటూ ఎలా సిద్ధపడాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకొంటాను. మీకు ముప్పై ఆరేళ్లు, మధురవాడలో నివాసం. బీచ్ రోడ్డు మీద కొన్ని హాఫ్ మారథాన్లు, ఒక ఫుల్ మారథాన్ పూర్తి చేశారు. ఫుల్‌కు నాలుగున్నర గంటలు పట్టింది. డిసెంబరులో పశ్చిమ కనుమల్లో జరిగే 50 కిలోమీటర్ల కొండదారి పోటీకి పేరు ఇచ్చారు. దారి పొడవునా ఎక్కవలసిన ఎత్తు మొత్తం 2,200 మీటర్లు, గడువు 12 గంటలు. చేతిలో అయిదు నెలలున్నాయి. ఇది మీవల్ల అవుతుందా, పెద్ద కొండలు లేని ఊళ్లో ఉంటూ సాధన ఎలా చేయాలి, పోటీలో నడిస్తే తప్పా, బూట్ల సంగతేమిటి, తిండి సంగతేమిటి అన్నవి మీ సందేహాలు.

అవుతుంది. నాలుగున్నర గంటల్లో ఫుల్ మారథాన్ పూర్తి చేసినవారికి అయిదు నెలల సాధన సరిపోతుంది. అయితే ఇంతవరకు చేస్తున్నదాన్నే మరికొంత పెంచి చేస్తే మాత్రం సరిపోదు. కిలోమీటర్లు లెక్కపెట్టడం మాని గంటలను, ఎక్కిన మీటర్లను లెక్కపెట్టండి. ఎక్కడం కంటే దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కదులుతూ తినడం అలవాటు చేసుకోండి. వీటిలో దిగడాన్ని తొలిసారి వెళ్లేవారు దాదాపు అందరూ పట్టించుకోరు కనుక దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదట లెక్క చూద్దాం. కొండ పరుగుల్లో వంద మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరు చదును దారిగా లెక్కగట్టే పద్ధతి ఉంది. ఆ ప్రకారం మీ పోటీ 50 కాదు, 72 కిలోమీటర్లతో సమానం. నడకకు ఇంకా పాత లెక్క ఒకటుంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట వేసుకోవాలి. మీ దారికి అది దాదాపు పదమూడున్నర గంటలు. అంటే మొత్తం నడిచి గడువులోగా చేరలేరు, మొత్తం పరుగెత్తడమూ మీవల్ల కాదు. మరి సమయం ఎక్కడ మిగుల్చుకోవాలి?

ఎక్కేచోట మిగలదు. నిట్రంగా ఉన్న కొండదారిలో గంటకు 500 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే అది మంచి నడక. అలా వెళ్లినా 2,200 మీటర్లకు నాలుగున్నర గంటల దాకా పోతాయి. నీళ్లు నింపుకోవడానికి, తినడానికి, బూటులో రాయి తీసుకోవడానికి అన్నీ కలిపి మరో గంట పోతుంది. మిగిలేది ఆరున్నర గంటలు. దారిలో పదిహేను కిలోమీటర్లు ఎక్కుడు, పదిహేను దిగుడు, ఇరవై ఇంచుమించు చదును అనుకుందాం. దిగుడులో కాళ్లు నొప్పెట్టి గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఈడ్చుకుంటూ నడిస్తే, ఆ చదునైన ఇరవై కిలోమీటర్లను గంటకు ఏడు కిలోమీటర్లకు పైబడిన వేగంతో పరుగెత్తాలి. అలసిన కాళ్లకు అది గగనమే. అదే దిగుడులో గంటకు ఆరున్నర కిలోమీటర్ల చొప్పున తేలికగా రాగలిగితే, చదును దారిలో చురుకైన నడకకు కాస్త పరుగు తోడైతే చాలు, గడువులోగా చేరిపోతారు. అందువల్ల ఎక్కేటప్పుడు నిస్సంకోచంగా నడవండి, దిగేటప్పుడు పరుగెత్తండి. ఎక్కుడులో నడవడం చిన్నతనమేమీ కాదు. ఇలాంటి పోటీల్లో ముందు వరుసలో ఉండేవారు కూడా నిటారు ఎక్కుళ్లలో చేతులు తొడల మీద ఆనించి నడుస్తారు.

దిగడం ఎందుకు అంత కష్టమో చెప్పాలి. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కానీ నిలబడి రెండు నిమిషాలు ఆగితే అదంతా సర్దుకుంటుంది. దిగేటప్పుడు ఊపిరి బాగానే ఉంటుంది, బాధేమీ తెలియదు, దెబ్బంతా తొడ ముందుభాగపు కండరాల మీద పడుతుంది. ప్రతి అడుగుకూ ఆ కండరం సాగుతూనే శరీర బరువును ఆపాలి. అలా సాగుతూ బిగుసుకునే పనిలో కండరపు పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. ఆ నష్టం ఆగితే తగ్గేది కాదు, తింటే తీరేది కాదు. పోటీలో తొలి పెద్ద దిగుడును ఉత్సాహంగా దూకుతూ దిగినవారి సంగతి రెండో దిగుడులో తెలుస్తుంది.

మా బృందంలో ఒక కుర్రవాడున్నాడు. ఫుల్ మారథాన్‌ను మూడున్నర గంటల లోపు పరుగెత్తగలడు. తన తొలి కొండ పోటీలో సగం దారిలో, పోటీదారులకు నీళ్లు, తిండి అందించే ఎయిడ్ స్టేషన్‌కు చాలామంది కంటే ముందే వచ్చాడు. అక్కడ బడి వరండాలో బల్లలు వేసి అరటిపళ్లు, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టారు. తిని, సీసాలు నింపుకొని, వరండాకున్న మూడు మెట్లు దిగబోయి స్తంభం పట్టుకున్నాడు. మోకాలి పైన కండరం చర్మం కింద విడిగా కదులుతూ వణకడం నాకు ఎదురుగా కనిపించింది. ఊపిరి చక్కగా ఉంది, ముఖంలో అలసట లేదు, కాలు మాత్రం మెట్టు దిగనివ్వడం లేదు. అక్కడితో ఆ రోజుకు అతని పోటీ ముగిసింది. అదే పోటీలో మా బృందంలోనే ఉన్న బ్యాంకు ఉద్యోగిని ఒకామె, నలభై అయిదు దాటిన మనిషి, బీచ్ రోడ్డు మీద అతనికి ఏనాడూ దరిదాపుల్లోకి రాని మనిషి, గడువుకు అరగంట ముందు ముగించింది. ఆమె చేసిందల్లా వర్షాకాలమంతా కైలాసగిరి ఎక్కి దిగడమే.

శుభవార్త ఏమిటంటే ఈ కండరాల దెబ్బకు శరీరం త్వరగా అలవాటు పడుతుంది. ఒకసారి గట్టిగా కొండ దిగితే ఒకటి నుంచి మూడు రోజుల వరకు తొడలు నొప్పెడతాయి. కోలుకున్నాక అదే దిగుడు మళ్లీ దిగితే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అందుచేత పది, పన్నెండు రోజులకు ఒకసారి దిగుడు సాధన పెట్టుకోండి. మొదటిసారి పది నిమిషాల దిగుడుతో ఆపండి, మెల్లగా పెంచండి. చివరి గట్టి సాధన పోటీకి రెండు మూడు వారాల ముందే అయిపోవాలి.

పద్ధతి విషయానికి వస్తే, దిగేటప్పుడు సహజంగా మనం వెనక్కి వాలి, మడమ ముందుకు చాచి బ్రేకు వేస్తాం. తొడను చంపేది అదే. పైగా చిన్న రాళ్ల మీద మడమే ముందు జారుతుంది. నడుము నుంచి కాకుండా చీలమండ నుంచి శరీరాన్ని కొద్దిగా ముందుకు ఉంచి, అడుగులు చిన్నవిగా, తొందర తొందరగా వేయాలి. పాదం శరీరం కిందే పడాలి. చూపు కాళ్ల దగ్గర కాక మూడు, నాలుగు మీటర్ల ముందు ఉండాలి. ఇప్పుడు పెట్టబోయే అడుగును కన్ను ముందే చూసేసి ఉంటుంది. మోచేతులు కాస్త విడిగా ఉంచితే తూలినప్పుడు సర్దుకోవచ్చు. ఇదంతా చదివితే వచ్చేది కాదు. ఒకే రెండు వందల మీటర్ల దిగుడును ఒక పూటంతా మళ్లీ మళ్లీ దిగితే ఆ మధ్యలో ఎక్కడో భయం పోతుంది.

ఇక విశాఖలో ఎక్కడ చేయాలి? పెద్ద కొండలు లేవన్నారు కానీ, మనకున్నవాటిని ఎక్కువసార్లు ఎక్కితే చాలు. కైలాసగిరి అన్నింటికంటే అనుకూలం. బీచ్ రోడ్డు నుంచి పైదాకా ఒకసారికి నూట యాభై మీటర్లకు అటూ ఇటూ ఎక్కుడు వస్తుంది; మెట్లున్నాయి, రోడ్డూ ఉంది. అయిదారుసార్లు ఎక్కి దిగితే ఆ పూటకు ఏడెనిమిది వందల మీటర్లు పూర్తవుతుంది. విసుగు పుడుతుంది, నిజమే. గంటల తరబడి సాగే పోటీలో ఆ విసుగును భరించడం కూడా సాధనలో భాగమేనని నా అభిప్రాయం.

సింహాచలం మెట్లదారి గురించి చాలామంది అడుగుతారు. అడివివరం వైపు తొలి పావంచా (మొదటి మెట్టు) నుంచి సుమారు వెయ్యి మెట్లు, చక్కటి ఎక్కుడు. కానీ అది భక్తుల దారి. మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమబొట్టు పెడుతూ ఎక్కే ఆడవాళ్లుంటారు, పసిపిల్లలను చంకనెత్తుకుని వచ్చేవారుంటారు. వారి మధ్య నుంచి బూట్లతో, సీసాలున్న చొక్కాతో దూసుకుపోవడం మర్యాద కాదు, తడి పసుపు మీద కాలు జారితే ప్రమాదం కూడా. ఆ దారిన వెళ్లాలనిపిస్తే రద్దీ లేని రోజు ఒట్టి కాళ్లతో, నడకగా, దర్శనానికి వెళ్లినట్లే వెళ్లండి. మీకు అంతకంటే ఉపయోగపడేది ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల చుట్టును అరవై దాటినవారు సైతం రాత్రంతా ఒట్టి కాళ్లతో పూర్తి చేయడం మీరు చూసే ఉంటారు. వారెవరూ పరుగు సాధన చేసినవారు కారు. తొందరపడరు, ఎక్కువసేపు కూర్చోరు, దారిలో ఇచ్చిన మజ్జిగ, పులిహోర కాదనకుండా పుచ్చుకుంటారు. మీ పోటీకి కావలసిన నడవడి కూడా ఇంచుమించు అదే.

మెట్లు తొడలకు బలమిస్తాయి కానీ పాదానికి నేర్పవు. అన్ని మెట్లూ ఒక్కలాగే ఉంటాయి కనుక. రాయి, వేరు, ఎండుటాకు, బురద నేర్పాలంటే కాలిబాటే కావాలి. జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న కంబాలకొండ అందుకు మంచిది. అది అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి. అటవీశాఖ అనుమతించిన వేళల్లో, అనుమతించిన బాటల్లో, తోడుతోనే వెళ్లండి, చెవుల్లో పాటలు పెట్టుకోకండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద పరుగెత్తే వీడియోలు ఈ మధ్య తరచూ కనిపిస్తున్నాయి. దయచేసి ఆ పని చేయవద్దు. అది జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందిన చోటు, ఆ దిబ్బలు అడుగు తాకిడికే రాలిపోయేవి.

నెలకు ఒకసారైనా మన్యం వెళ్లండి. అనంతగిరి, అరకు, పాడేరు చుట్టుపక్కల కాఫీ తోటల నడుమ నుంచి పోయే బాటలు పశ్చిమ కనుమల దారులకు బాగా దగ్గరగా ఉంటాయి. నీడ, ఆకుల తడి, ఉన్నట్టుండి వచ్చే నిటారు ఎక్కుడు, అన్నీ ఉంటాయి. స్థానికులను అడిగి, ఎవరి తోటలోంచి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్లండి. పాడేరు దగ్గరి వంజంగి కొండకు సెలవురోజు తెల్లవారుజామున మాత్రం వెళ్లకండి. మేఘాలు చూడటానికి వచ్చే జనంతో బాట నిండిపోయి ఉంటుంది, సాధన సాగదు.

వారం ఎలా ఉండాలంటే, నాలుగైదు రోజులు పరుగు చాలు. రెండు రోజులు బీచ్ రోడ్డు మీద, ఉదయం వాహనాలు ఆపే వేళలో, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత తేలికగా గంట చొప్పున. ఒక రోజు కొండ. శనివారం దీర్ఘ సాధన: రెండున్నర గంటలతో మొదలుపెట్టి, నవంబరు మధ్యకు అయిదారు గంటల దాకా. ఆదివారం ముందురోజు అలసట మీదనే రెండు గంటల నడక, పరుగు. అలసిన కాళ్లతో కదలడం అలా వస్తుంది. ఒకే రోజు తొమ్మిది గంటలు పరుగెత్తి గాయం తెచ్చుకోవలసిన పని లేదు. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు కాళ్ల బలానికి కేటాయించండి. మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి రెండో పాదాన్ని మూడు, నాలుగు సెకన్లు పట్టేలా నెమ్మదిగా కిందికి దించడం ఒక్కటి చేసినా దిగుడుకు ఎంతో సాయం. అక్టోబరు, నవంబరు మన తీరంలో తుఫాన్ల కాలం కనుక ఒక వారం ఎలాగూ ఎగిరిపోతుందని ముందే లెక్కవేసుకోండి. పోయిన వారాన్ని తరువాతి వారంలో పూడ్చబోయినవారే ఎక్కువగా గాయపడటం నేను గమనించాను.

నీరు, ఉప్పు. విశాఖ ఉక్కపోత మీకు కష్టమే కానీ వృథా కాదు. వేడిలో రెండు వారాలు సాధన చేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, డిసెంబరు కొండగాలిలో ఆ ప్రయోజనం తెలుస్తుంది. మీ చెమట ఎంతో కొలుచుకోండి: గంట పరుగుకు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమటకు దాదాపు సమానం, మధ్యలో తాగిన నీటిని దానికి కలుపుకోవాలి. అయితే పోయినదంతా పోయినట్టే తాగాలనుకోవద్దు. నీరు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోవడం కూడా ప్రాణాంతకమే. 2002 బోస్టన్ మారథాన్ ముగించినవారిలో 488 మందిని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవారిలోనే అది ఎక్కువగా కనిపించింది. దాహం వేసినప్పుడు తాగండి, అంతే. చేతివేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటుంటే, కడుపులో నీళ్లు గలగలమంటుంటే తాగడం ఆపండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమని రాసి ఉంటే అంతలోనే కలపండి. లీటరు ప్యాకెట్‌ను అరలీటరు సీసాలో పోసి తాగి వాంతులు చేసుకున్నవారిని చూశాను. ఓఆర్‌ఎస్ ఉప్పు కోసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, అది తిండికి బదులు కాదు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అట్టపెట్టెల్లో వచ్చిన తియ్యటి పానీయాల మీద ఆ మాట ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. మందుల దుకాణంలో పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి.

తిండి. గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. పదకొండు గంటల పరుగుకు అది దాదాపు అరకిలో. పోటీ రోజున ఒక్కసారిగా ఇది సాధ్యం కాదు. జీర్ణాశయానికి కూడా సాధన కావాలి కనుక ప్రతి శనివారం గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి పెంచండి. ఎనర్జీ జెల్ (చిన్న ప్యాకెట్‌లో వచ్చే తియ్యటి ముద్ద) ఒక్కోటి సుమారు 22 నుంచి 25 గ్రాములు ఇస్తుంది. అయితే వరుసగా నాలుగైదు జెల్‌లు మింగాక చాలామందికి తీపి పేరెత్తితేనే వెగటు పుడుతుంది. అప్పుడు ఉప్పు, పులుపు కావాలనిపిస్తుంది. మన ఇంటి తిండి అక్కడే ఆదుకుంటుంది. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నూనె, మిరప తగ్గించి కలిపిన నిమ్మకాయ పులిహోరను చిన్న ముద్దలుగా చేసి కాగితంలో చుట్టుకుంటే నడుస్తూనే తినవచ్చు. మామిడి తాండ్రను నా దృష్టిలో మించినది లేదు: తేలిక, పాడవదు, పులుపూ తీపీ రెండూ ఉంటాయి, చప్పరిస్తే చాలు. అనకాపల్లి బెల్లం ముక్క 20 గ్రాములైతే దాదాపు 18 గ్రాములు చక్కెరే. పల్లీ చిక్కీ మొదటి సగంలో బాగుంటుంది, నోరు ఎండిపోయాక గొంతు దిగదు. మాడుగుల హల్వా తెచ్చుకున్న మిత్రులున్నారు. నెయ్యి ఎక్కువ కనుక కొండ మీద కడుపు తిప్పుతుంది, పోటీ ముగిశాక తినండి. అరగంటకొకసారి గడియారం మోగేలా పెట్టుకుని, ఆకలి వేసినా వేయకపోయినా కొంత తినండి. ఎక్కుడులో నడుస్తూ తినడం తేలిక; దిగుడు మొదలయ్యే పది నిమిషాల ముందు ముగించండి.

బూట్లు. అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల పళ్లున్న ట్రెయిల్ బూట్లు, అంటే కొండబాటల కోసం చేసినవి, కావాలి. మామూలు కొలత కంటే అర సైజు పెద్దవి తీసుకోండి. గంటలు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. దిగుడుకు ముందు చీలమండ దగ్గరి ఆఖరి రంధ్రంలో లేసు బిగించి కట్టుకుంటే పాదం ముందుకు జారదు. గోళ్లు అయిదారు రోజుల ముందే కత్తిరించుకోండి. పోటీకి కనీసం వంద కిలోమీటర్ల ముందునుంచీ అదే బూట్లు, అవే మేజోళ్లు, అదే సంచీ వాడండి. సంచీలో లీటరున్నర నీళ్లు నింపి సాధన చేయకపోతే భుజాల మీద, నడుము దగ్గర ఎక్కడ ఒరుసుకుంటుందో పోటీ రోజు దాకా తెలియదు. పోల్స్ (ఊతంగా పట్టుకునే మడత కర్రలు) అనుమతిస్తారో లేదో నిబంధనల్లో చూసుకోండి. అనుమతిస్తే ఎక్కుడులో వాటి సాయం గొప్పది, కానీ రెండు నెలలు వాడి అలవాటు పడనివారు రాళ్ల దిగుడులో మడిచిపెట్టుకోవడమే మేలు.

తప్పనిసరి వస్తువుల జాబితాలో గాలి, వాన ఆగే జాకెట్, విజిల్, హెడ్‌ల్యాంప్, అల్యూమినియం రేకు దుప్పటి ఉంటే, విశాఖవాళ్లం కనుక మనకు జాకెట్ అనవసరపు బరువుగా తోస్తుంది. దాన్ని వదిలిపెట్టకండి. 2021 మే 22న చైనాలోని గన్సు రాష్ట్రంలో జరిగిన వంద కిలోమీటర్ల కొండ పోటీలో హఠాత్తుగా ఈదురుగాలి, వడగళ్లవాన వచ్చి, 172 మందిలో 21 మంది చలికి శరీర ఉష్ణోగ్రత పడిపోయి మరణించారు. వారిలో ఆ దేశపు మేటి పరుగువీరులున్నారు. జాకెట్ అక్కడ తప్పనిసరి జాబితాలో లేదు. ఒక గొర్రెల కాపరి తాను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి కాపాడాడు. చలికి చావడానికి మంచు పడనక్కరలేదు. చెమటతో తడిసిన బనియను, గాలి, ఖాళీ కడుపు, ఆగిపోయిన కాళ్లు, ఇవి చాలు. లంబసింగి చలిలో ఒక తెల్లవారుజామున తడి చొక్కాతో పది నిమిషాలు నిలబడి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. జాకెట్‌ను సంచీలో పైనే పెట్టుకోండి, వణుకు మొదలయ్యాక వేళ్లకు జిప్పు లాగే శక్తి ఉండదు.

పోటీ రోజు. మొదటి కిలోమీటరులోనే బాట సన్నబడుతుందని జనం తోసుకుంటారు; వెనుక మూడో వంతులో ఉండి, ఎంత నెమ్మదిగా వెళ్తున్నానా అని సిగ్గనిపించేంత నెమ్మదిగా మొదలుపెట్టండి. మొదటి దిగుడును మీ శక్తిలో సగంతో దిగండి. దారిగుర్తు రిబ్బన్లు అయిదు నిమిషాలుగా కనిపించకపోతే ముందుకు పోకండి, ఆఖరి రిబ్బను దాకా వెనక్కి రండి. ఎయిడ్ స్టేషన్‌లో కుర్చీ ఉంటుంది. కూర్చోవద్దని చెప్పను కానీ, కూర్చునే ముందే సీసాలు నింపుకోండి. పడిపోయినవారు కనిపిస్తే ఆగండి, మీ గడువు పోయినా సరే.

నొప్పి మాత్రలు మింగకండి, ముఖ్యంగా ఐబూప్రోఫెన్. నీరు తగ్గి, కండరాలు దెబ్బతిన్న స్థితిలో అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి. మూత్రం కాఫీ రంగులోకి మారితే, ఛాతీలో నొప్పి వస్తే, మాట తడబడితే, ఎక్కడున్నానో అర్థం కాకపోతే పోటీ అక్కడితో ముగిసినట్టే. వెంటనే నిర్వాహకులకు చెప్పాలి. మీ కుటుంబంలో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారుంటే, మీకు రక్తపోటు, మధుమేహం ఉంటే సాధన మొదలుపెట్టక ముందే హృద్రోగ నిపుణుణ్ణి కలవండి.

ప్రయాణం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. విశాఖ నుంచి రైలులో వెళ్తే కాళ్లు వాచి ఉంటాయి కనుక పోటీకి రెండు రోజుల ముందే చేరండి. బూట్లు, జాకెట్, సంచీ, తాండ్ర చేతిసామానులోనే ఉంచుకోండి. మిగిలినవి పోయినా అక్కడ కొనుక్కోవచ్చు. పోటీ తరువాత వారం రోజులు పరుగు జోలికి పోవద్దు, నడక చాలు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఇప్పుడే కింది బెర్తు కోసం చూసుకోండి. మర్నాడు మీరు పై బెర్తు ఎక్కగలుగుతారేమో కానీ, దిగడానికి ఎవరో ఒకరు సాయం పట్టాల్సి వస్తుంది.